ఉండ చుట్టుకునే పురుగు ట్రైలోబైటుకు చుట్టమా?

కొబ్బరితోట (అంబాజీపేట)

సభ్యులందరికీ నమస్కారం. దింపు తీసి కాయలు వలిచిన తరువాత డొక్కలను మా తోటలో కాలువ గట్టున పోగు వేస్తాము. రెండు నెలలు వానకు తడిసిన పోగును గత ఆదివారం కదిలిస్తే అడుగున వందలకొద్దీ బూడిదరంగు పురుగులు కనిపించాయి. వేలు తగిలిన ప్రతి పురుగూ క్షణంలో బఠాణీ గింజంత ఉండగా మారిపోయింది. వీటిని ఇంగ్లీషులో పిల్ బగ్ అంటారని పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి చెప్పి, కోట్ల సంవత్సరాల క్రితం అంతరించిన ట్రైలోబైట్ అనే సముద్రపు ప్రాణి శిలాజం బొమ్మను తెచ్చి పక్కన పెట్టింది. ఆ శిలాజం కూడా ఉండ చుట్టుకుని ఉన్న స్థితిలోనే రాయిగా మారి ఉంది. రెండింటినీ పక్కపక్కన చూసినప్పటి నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు.

నా ప్రశ్నతోపాటు నా అభిప్రాయం కూడా దాచకుండా చెబుతాను. పిల్ బగ్‌ను ట్రైలోబైట్ల సంతతి అనడంలో తప్పేమిటి? వీపంతా ఒకదాని మీద ఒకటి కప్పుకున్న పలకలు, తల, నడుము, తోక అనే మూడు భాగాలు, ముందు ఒక జత మీసాలు, సున్నంతో గట్టిపడిన పెంకు, అపాయం వస్తే ఉండ చుట్టుకునే అలవాటు, ఇవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. ట్రైలోబైట్లలో చాలా భాగం సముద్రపు అడుగున బురద మీద పాకేవని చదివాను. ఇవి కుళ్లుతున్న పీచు మీద పాకుతున్నాయి. ఒక్క పోలిక అయితే కాకతాళీయమని వదిలివేయవచ్చు. ఇన్ని పోలికలు ఒకే ప్రాణిలో కూడినప్పుడు రక్తసంబంధం లేదనడం నాకు సమంజసంగా తోచడం లేదు. తెలిసినవారు ఒప్పుకున్నా, ఖండించినా కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

జీవశాస్త్రం మాస్టారు (రాజోలు)

మీ అమ్మాయి బొమ్మను తెచ్చి పురుగు పక్కన పెట్టడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే పోల్చి చూడడంతోనే ఈ శాస్త్రం మొదలవుతుంది. అయితే పోల్చేటప్పుడు వీపును మాత్రమే చూసి ఆగిపోకూడదు. మీరు చెప్పిన పోలికలన్నీ పైనుంచి చూసినవే. ఆ రెండు ప్రాణులనూ వెల్లకిలా తిప్పి చూస్తే కథ మారుతుంది.

ముందుగా ఆ మూడు భాగాల సంగతి. ట్రైలోబైట్ అనే పేరులోని మూడు తల, నడుము, తోకలను ఉద్దేశించినది కాదు. దాని వీపు మీద తల నుంచి తోక దాకా నిలువుగా సాగే రెండు గాళ్లు ఉంటాయి. వాటివల్ల నడుమ ఒక ఉబ్బెత్తు తమ్మె, ఇరువైపులా రెండు తమ్మెలు ఏర్పడతాయి. ఆ మూడు తమ్మెల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. మీ తోటలోని పురుగు వీపు మీద ఇలాంటి నిలువు గాళ్లు లేవు, అది ఒకే నున్నని కమాను. ఇక తల, నడుము, తోక అనే విభజన రొయ్యకూ ఉంది, తేలుకూ ఉంది.

రెండవది మీసాలు. మీకు కనిపించిన ఆ ఒక్క జత విషయంలో చాలామంది పొరబడతారు. పిల్ బగ్ క్రస్టేషియాకు, అంటే రొయ్య, పీతల వర్గానికి చెందినది. ఆ వర్గానికి రెండు జతల స్పర్శశృంగాలు, అంటే మీసాలు, ఉంటాయి. అందులో పిల్ బగ్ ఉన్న సమూహం పేరు ఐసోపాడ్లు. నేల మీదికి వచ్చిన ఈ ఐసోపాడ్లలో మొదటి జత కుంచించుకుపోయి కంటికి ఆనకుండా పోయింది, మనకు కనిపించేది రెండవ జత. ట్రైలోబైటుకు ఉన్న ఒక్క జత దాని తలకు మొదటి జత. సంఖ్య ఒకటే అయినా అవయవం ఒకటి కాదు. నోటి విషయానికి వస్తే తేడా ఇంకా పెద్దది. పిల్ బగ్‌కు ఆహారాన్ని కొరికే హనువులు, వాటి వెనుక సహాయపడే జంభికలు ఉన్నాయి. ట్రైలోబైటుకు అలాంటివేవీ లేవు. నడిచే కాళ్ల మొదళ్లలోని ముళ్లతోనే ఆహారాన్ని నలిపి, కాళ్ల నడుమ నుంచి ముందుకు తోసుకుంటూ, వెనుక వైపుకు తెరుచుకున్న నోటికి అందించుకునేది.

కాళ్లు కూడా అంతే. పిల్ బగ్‌కు ఏడు నడుము ఖండితాలు (ఒకదాని వెనుక ఒకటిగా ఉండే దేహ భాగాలు), ఏడు జతల నడిచే కాళ్లు, ప్రతి కాలూ ఒకే కొమ్మ. శ్వాసకు పొట్ట వెనుక భాగంలో పలుచని పలకల వంటి ఉపాంగాలు వేరుగా ఉంటాయి. ట్రైలోబైటుకు మీసాల తరువాత వచ్చే ప్రతి కాలూ రెండు కొమ్మలుగా చీలి ఉండేది, ఒకటి నడవడానికి, రెండవది మొప్పల వంటి కుచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన ట్రయార్త్రస్ అనే ట్రైలోబైటు మీసాలు, కాళ్లు పైరైటుగా, అంటే బంగారు మెరుపు గల ఇనుప ఖనిజంగా మారి నిలిచి ఉండడం వల్ల 1890లలోనే ఈ సంగతి కళ్లకు కట్టినట్టు తెలిసింది. నడుము ఖండితాలు ట్రైలోబైట్లలో జాతిని బట్టి రెండు మొదలుకొని అరవైకి పైగా ఉండేవి. ఉండ చుట్టుకోవడంలో ప్రసిద్ధి చెందిన ఫాకోప్స్‌కు పదకొండు.

కాలం కూడా మీ వాదనకు సాయపడదు. ట్రైలోబైట్లు సుమారు 52.1 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలో మొదట కనిపించి, సుమారు 25.2 కోట్ల సంవత్సరాల క్రితం పెర్మియన్ యుగాంతపు మహావినాశనంలో పూర్తిగా అంతరించాయి. మనకు దొరికిన అతి పురాతన ఐసోపాడ్ శిలాజాలలో ఒకటైన హెస్లెరెల్లా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందినది, వయసు సుమారు 30 కోట్ల సంవత్సరాలు. అది అప్పటికే ఐసోపాడ్ లక్షణాలన్నీ గల ప్రాణి. అంటే ఈ రెండు వంశాలు కొన్ని కోట్ల సంవత్సరాలు ఒకే కాలంలో వేరువేరుగా బతికాయి. ఒకటి పోయి రెండవది దాని నుంచి పుట్టుకురాలేదు. మా తరగతిలో నేను పిల్లలకు చెప్పే మాట ఒకటుంది: చుట్టుకున్నంత మాత్రాన చుట్టం కాదు.

అంతర్వేది తీరం

మాస్టారు చెప్పిన ఐసోపాడ్ల గురించి మా అనుభవం ఒకటి చేర్చాలని రాస్తున్నాను. వేటకు వెళ్లి వచ్చిన తరువాత చేపలను ఏరేటప్పుడు కొన్నింటి నోట్లో, మరికొన్నింటి మొప్పల్లో పాలిపోయిన తెలుపు రంగు పురుగు అంటుకుని ఉంటుంది. కానాగంతల మొప్పల్లో నేను స్వయంగా చూశాను. వీపు మీద అవే పలకలు, కింద ఏడు జతల కాళ్లు, కాళ్ల చివర కొక్కేలు. లాగితే ఒక పట్టాన రాదు. ఇది ఐసోపాడ్ అని మత్స్యశాఖ శిక్షణలో మాకు చెప్పారు. కాబట్టి తోటలోని పురుగుకు సముద్రంతో సంబంధం లేదని ఎవరూ అనుకోకూడదు. ట్రైలోబైటు సంగతి నాకు తెలియదు గానీ, ఆ పురుగు బంధువులు మా వలల్లో రోజూ పడుతున్నాయి.

కడియం నర్సరీ

మా దగ్గర కుండీల అడుగున, కొబ్బరి పొట్టు పోసిన గోనెల కింద ఈ పురుగులు ఏడాది పొడవునా ఉంటాయి, ఎండలు ముదిరితే లోతుకు పోతాయి. ఇరవై ఏళ్లుగా చూస్తున్న నాకు ఒక సందేహం ఉంది. ఒకే కుండీ కింద రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకం ముట్టుకోగానే ఉండ చుట్టుకుంటుంది. రెండవ రకం బల్లపరుపుగా, కాళ్లు కొంచెం బయటికి కనిపిస్తూ ఉంటుంది, అది చుట్టుకోదు, పరుగెత్తి దాక్కుంటుంది. వంశలక్షణం అయితే రెండింటికీ రావాలి కదా? మరొక మాట. అరకు వైపు మొక్కల కోసం వెళ్లినప్పుడు అడవిలో ఆకుల కింద గోలీకాయంత ఉండలు చూశాను. అవి రోకలిబండ అనే చాలా కాళ్ల పురుగు జాతివని తోడు వచ్చినవారు చెప్పారు. మన రోకలిబండ చాపచుట్టలా చుట్టుకుంటుంది గానీ అవి పూర్తిగా గుండ్రటి ఉండలే. ఇంతకూ చుట్టుకునే ప్రాణులన్నీ ఒకే కుటుంబమా, కాదా?

జీవశాస్త్రం మాస్టారు (రాజోలు)

కడియం వారి సందేహంలోనే జవాబు కూడా ఉంది. పరుగెత్తే రకం, చుట్టుకునే రకం రెండూ నేల ఐసోపాడ్లే. చుట్టుకునే గుణం ఆ ఒక్క సమూహంలోనే ఒకటికి మించి సార్లు విడివిడిగా ఏర్పడింది. యూరప్ పుస్తకాలలో బొమ్మగా కనిపించే ఆర్మడిల్లిడియం ఒక కుటుంబానికి చెందితే, ఉష్ణమండలంలో విస్తారంగా ఉండే క్యూబారిస్ వంటివి మరొక కుటుంబానికి చెందుతాయి. మడచెట్ల వేర్లను తొలిచే స్ఫీరోమా అనే నీటి ఐసోపాడ్ కూడా ఉండ చుట్టుకుంటుంది. మీరు చూసిన గోలీకాయలు మాత్రం ఐసోపాడ్లు కావు. వాటిని విప్పి చూస్తే ఒక్కొక్క ఖండితానికి రెండేసి జతల కాళ్లు ఉంటాయి, అది రోకలిబండ వర్గపు గుర్తు. దేహం పలకలుగా విడిపోయి, పొట్ట మెత్తగా, వీపు గట్టిగా ఉన్న ప్రతి వంశానికీ ఈ ఉపాయం అందుబాటులో ఉంది. అవసరం కూడా ఒక్కటే కాదు. నేల ఐసోపాడ్‌కు శత్రువు ఎంత ప్రమాదమో ఎండిపోవడం కూడా అంత ప్రమాదం, ఎందుకంటే శ్వాసించే భాగాలు తడిగా ఉండాలి. ఉండ చుట్టుకుంటే ఆ తడి లోపలే నిలుస్తుంది. సముద్రంలో బతికిన ట్రైలోబైటుకు ఆ చింత ఎన్నడూ లేదు.

రాజమహేంద్రవరం పాఠకుడు

చర్చకు అడ్డువస్తే మన్నించాలి. కాటేరు దగ్గర నల్లరాతి పొరల మధ్య సున్నపురాయిలో గవ్వల శిలాజాలు దొరుకుతాయని విన్నాను. అక్కడ ట్రైలోబైట్లు కూడా దొరికే అవకాశం ఉందా?

జీవశాస్త్రం మాస్టారు (రాజోలు)

లేదు. కాటేరు పొరలు దక్కన్ లావా ప్రవాహాల నాటివి, వయసు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాలు. అప్పటికి ట్రైలోబైట్లు పోయి పద్దెనిమిది కోట్ల సంవత్సరాలకు పైగా గడిచింది. మన డెల్టా మట్టి అయితే గోదావరి నిన్న మొన్న తెచ్చి పోసినదనే చెప్పాలి. మన దేశంలో ట్రైలోబైట్లను చూడాలంటే హిమాలయాలకు వెళ్లాలి, స్పితి లోయలోనూ కాశ్మీరులోనూ కేంబ్రియన్ కాలపు, అంటే సుమారు యాభై కోట్ల సంవత్సరాల నాటి, పొరలలో ఉన్నాయి.

జంతుశాస్త్ర విద్యార్థిని (కాకినాడ)

మాస్టారికి నమస్కారం. సంతతి కాదన్న మీ నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ 'చుట్టుకున్నంత మాత్రాన చుట్టం కాదు' అనే మాటతో తలుపు మూసివేయడం సరికాదని వినయంగా మనవి చేస్తున్నాను. ఆ మాట విన్న అంబాజీపేట వారు తాము చూసిన పోలిక వట్టి భ్రమ అనుకునే ప్రమాదం ఉంది. ఆ పోలిక భ్రమ కాదు, మీరు చూడమన్న పొట్ట వైపు కూడా అది ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలో వాల్కాట్-రస్ట్ గని అని ఒక చోటు ఉంది. చార్లెస్ వాల్కాట్ అనే శాస్త్రవేత్త 1870లలో అక్కడి నుంచి ట్రైలోబైట్లను సేకరించి, ఉండ చుట్టుకున్న వాటిని రాయితో సహా పలుచని బిళ్లలుగా కోసి, లోపల కాళ్లు ఎలా ఇమిడి ఉన్నాయో చూశాడు. ట్రైలోబైటు కాళ్లకు సున్నపు పెంకు లేకపోవడం వల్ల ఇరవై వేలకు పైగా తెలిసిన జాతులలో కాళ్లు నిలిచినవి బహు కొద్ది. ఉండ చుట్టుకుని ఉండడం వల్లనే ఈ గనిలో కాళ్లు, పొట్ట పలకలు లోపల భద్రంగా మిగిలాయి. ఆ సేకరణ హార్వర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. సారా లాసో, హవియెర్ ఓర్టెగా-హెర్నాండెజ్ మొదలైనవారు ఆ సుమారు 45 కోట్ల సంవత్సరాల నాటి నమూనాలను మళ్లీ పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. వీపు పలకలు ఎలా కలుస్తాయో అందరికీ తెలుసు. పొట్ట వైపు పలకలు ఏమవుతాయన్నదే చిక్కు ప్రశ్న. చాపను లోపలికి చుడితే లోపలి వైపు ఎలా నలుగుతుందో, దేహం చుట్టుకున్నప్పుడు పొట్ట వైపు కూడా అలాగే ఇరుకవుతుంది. సెరారస్ అనే ట్రైలోబైటులో పొట్ట పలకలు ఒకదానిని దాటి ఒకటి లోనికి వాలి సర్దుకునేవని, కాళ్ల మొదళ్లు మేకులాగా ఒక వైపు సన్నబడి ఉండడంతో అవి కూడా ఇరుకులో ఒదిగేవని వారు చూపించారు. ఇప్పటి పిల్ బగ్‌లోనూ, ఉండ చుట్టుకునే రోకలిబండలోనూ పొట్ట పలకలు సర్దుకునే తీరు దానిని పోలి ఉంది.

ఇది అభిసారి పరిణామమేనని ఆ పరిశోధకులు కూడా నిర్ధారించారు, అంటే వేరువేరు వంశాలు ఒకే పరిష్కారానికి చేరుకోవడం. నా వాదన ఆ తరువాతి మెట్టు గురించి. ఆ పరిష్కారం అందరికీ ఒకేలా ఎందుకు వచ్చింది? ఖండితాలుగా విడిన దేహం, ఖండితానికి ఒక వీపు పలక, ఒక పొట్ట పలక, వాటి మధ్య మెత్తని పొర, నిలువుగా సాగి దేహాన్ని వంచే కండరాలు, ఇవి ట్రైలోబైటుకూ పిల్ బగ్‌కూ ఉమ్మడి పూర్వికుల నుంచి వచ్చిన ఆస్తి. ఒకే ఇంటి పనిముట్లు పంచుకున్న అన్నదమ్ముల పిల్లలు వేరువేరు ఊళ్లలో ఒకే రకం పడవ కట్టినట్టు ఇది జరిగింది. పడవ ఉమ్మడి కాదు, పనిముట్లు ఉమ్మడి. గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క మధ్య ఉన్న క్రియాసామ్యంతో, అంటే పని ఒకటే అయినా పుట్టుక వేరైన పోలికతో, దీనిని ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

కొబ్బరితోట (అంబాజీపేట)

అమ్మా, మీరు రాసినది రెండు సార్లు చదివాను. మీసాల విషయంలో, నోటి విషయంలో మాస్టారు చెప్పినదానికి నా దగ్గర సమాధానం లేదు, సంతతి అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. కానీ ఉమ్మడి ఆస్తి ఉన్నప్పుడు చుట్టరికం కూడా ఉన్నట్టే కదా? ఎంత దూరపు చుట్టరికమో చెప్పండి.

జీవశాస్త్రం మాస్టారు (రాజోలు)

విద్యార్థిని చేసిన సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. పక్షి రెక్క, గబ్బిలం రెక్క రెండూ ముందు కాళ్లే అయినా రెక్కగా మారడం మాత్రం వేరువేరుగా జరిగింది. పాఠం చెప్పేటప్పుడు ఆ ఉదాహరణ ఈ విషయానికి దగ్గరగా ఉంటుంది. నా మాట పిల్లలకు గుర్తుండేలా ఉంటుంది గానీ సగమే చెబుతుందని ఇప్పుడు తోస్తున్నది. అయినా ఒక జాగ్రత్త అవసరం. ఉమ్మడి ఆస్తి అంత విస్తారమైనది కనుకనే అది దగ్గరి చుట్టరికానికి సాక్ష్యం కాలేదు.

ఎంత దూరమన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదు. కీళ్లకాళ్ల జీవులలో నేడు రెండు పెద్ద శాఖలు ఉన్నాయి. సాలీడు, తేలు, గుర్రపుడెక్క పీత ఒక శాఖ. హనువులు గల రొయ్యలు, కీటకాలు, రోకలిబండలు, జెర్రులు మరొక శాఖ. ట్రైలోబైట్లు మొదటి శాఖ పక్కన ఉండాలని కొందరు, మీసాలు ఉన్నాయి కనుక రెండవ శాఖ మొదట్లో, హనువులు ఇంకా ఏర్పడకముందే విడిపోయి ఉండాలని మరికొందరు వాదిస్తున్నారు. ఒడిశా తీరంలో గుడ్లు పెట్టే గుర్రపుడెక్క పీత పిల్లను దాని ఆకారం బట్టి 'ట్రైలోబైట్ లార్వా' అనే పిలుస్తారు. అయితే ఆకారాన్ని నమ్మి మోసపోకూడదని మనం ఇంతసేపూ చెప్పుకున్నాం కనుక దానిని కూడా సాక్ష్యంగా తీసుకోను. వాదం ఎటు తేలినా, ట్రైలోబైట్లు హనువులు గల శాఖకు వెలుపలే ఉంటాయి. అందువల్ల ట్రైలోబైటుకు మీ డొక్కల కింది పురుగు ఎంత దూరమో, మీ ఊరి చెరువులోని రొయ్య కూడా అంతే దూరం, మీ కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు కూడా అంతే దూరం. ఉండ చుట్టుకోవడం వల్ల పిల్ బగ్ అందులో ఒక్క అడుగు కూడా ముందుకు రాదు.

జంతుశాస్త్ర విద్యార్థిని (కాకినాడ)

రొయ్యతో సమాన దూరం అన్న మాట ఖచ్చితంగా సరైనది, దీనికి నా వైపు అభ్యంతరం లేదు. ఒక్క చిన్న చేర్పు మాత్రం చేస్తాను. ట్రైలోబైట్లలో కూడా చుట్టుకునే విద్య మొదటి రోజు నుంచే నిండుగా లేదు. ఒలెనెల్లిడ్లు అనే తొలి కేంబ్రియన్ ట్రైలోబైట్లు కూడా పూర్తిగా చుట్టుకోగలిగేవని 2013లో శిలాజాలతో చూపించారు గానీ, వాటిలో తల అంచు, తోక అంచు ఒకదానిలో ఒకటి బిగుసుకునే గాళ్లు, పళ్లు వంటి ఏర్పాట్లు లేవు. ఫాకోప్స్ వంటి తరువాతి వాటిలో ఆ బిగింపు పెట్టె మూతలా కుదిరింది. ఒకే వంశంలో ఈ పని కోట్ల సంవత్సరాలలో మెరుగుపడుతూ వచ్చిందని ఇది చూపుతుంది.

కొబ్బరితోట (అంబాజీపేట)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారు వెల్లకిలా తిప్పి చూడమన్నారు కనుక నిన్న సాయంత్రం భూతద్దంతో ఆ పని చేశాము. ఏడు జతల కాళ్లను మా అమ్మాయి, నేను విడివిడిగా లెక్కపెట్టి సరిచూసుకున్నాము. పొట్ట వెనుక వైపు పలకల మీద తెల్లని మచ్చలు కనిపించాయి. ఒక పురుగుకు ముందు సగం పాత రంగు, వెనుక సగం కొత్త రంగు ఉంది. ఇది దెబ్బ తగిలినదేమో అనుకున్నాను.

జంతుశాస్త్ర విద్యార్థిని (కాకినాడ)

దెబ్బ కాదండి. ఐసోపాడ్లు కుబుసాన్ని రెండు విడతలుగా విడుస్తాయి, వెనుక సగం ముందు, కొద్ది రోజుల తరువాత ముందు సగం. ట్రైలోబైట్లు తల మీది అతుకుల దగ్గర పెంకును విప్పుకుని బయటికి వచ్చేవి. ఇది మరొక తేడా. ఆ తెల్లని మచ్చలు గాలి పీల్చుకునే భాగాలు. పొట్ట కింద ఉబ్బెత్తుగా సంచి ఉన్న ఆడ పురుగు కనిపిస్తే దానిని వేరుగా ఉంచండి. పిల్లలు ఆ సంచిలోనే పొదగబడి బయటికి వస్తాయి, వచ్చినప్పుడు వాటికి ఆరు జతల కాళ్లే ఉంటాయి.

కొబ్బరితోట (అంబాజీపేట)

సంచి ఉన్నది ఒకటి దొరికింది. గాజు సీసాలో తడి పీచు, ఎండు మామిడాకులు వేసి ఉంచాము. ఈ ఉదయం ఆవగింజలో సగం కూడా లేని తెల్లని పిల్లలు బయటికి వచ్చాయి. భూతద్దంలో ఎంత సేపు చూసినా ఆరు జతలే లెక్కకు వస్తున్నాయి. ట్రైలోబైటు పిల్లలు కూడా కుబుసం విడిచిన కొద్దీ ఖండితాలు పెంచుకునేవని మా అమ్మాయి ఎక్కడో చదివి, ఇది కూడా ఒక పోలికే కదా అంటున్నది. దానికి ఏమని చెప్పాలి, మాస్టారూ?

జీవశాస్త్రం మాస్టారు (రాజోలు)

మంచి ప్రశ్న అడిగిందని చెప్పండి. ట్రైలోబైటు పిల్ల తోక వైపు కొత్త ఖండితాలను చేర్చుకుంటూ, వాటిని ఒక్కొక్కటిగా నడుముకు విడుదల చేసేది, అలా నడుము పొడవు పెరుగుతూ పోయేది. పిల్ బగ్ పిల్లకు ఏడవ ఖండితం తొలి కుబుసంతోనే స్పష్టంగా కనిపిస్తుంది, దాని కాళ్లు ఆ తరువాతి కుబుసంలో వస్తాయి, అంతకుమించి నడుముకు కొత్త ఖండితాలు చేరవు. కానీ నా మాట మీద నమ్మకంతో వదిలివేయవద్దు. సీసా మీ దగ్గరే ఉంది. ఆరవ జత వెనుక కాళ్లు లేని ఖండితం కనిపిస్తున్నదో లేదో అమ్మాయిని ఇప్పుడే చూడమనండి.

కొబ్బరితోట (అంబాజీపేట)

చూసింది. కాళ్లు లేని ఖండితం ఉన్నది, బొమ్మ కూడా గీసుకుంది. పీచు ఆరిపోకుండా రోజూ నీళ్లు చల్లుతున్నాము. ఏడవ జత కనిపించిన రోజున ఇక్కడే రాస్తాను.